రొట్టె పళ్లెం పక్కకు జరిపిన ఆదివారం

మా సూర్యాపేట చర్చి సంఘంలో ఒక ఆదివారం నేను చేసిన పనికి ఒక ముసలమ్మకు బీపీ పెరిగింది, మా అమ్మ నలుగురిలో ఏడ్చింది, కోదాడ నుంచి వచ్చిన కిరాయి కారు డ్రైవరుకు బిర్యానీ చల్లారిపోయింది. అన్నిటికంటే మించి, అంతకుముందు మాట్లాడనైనా మాట్లాడని పిల్లతో నాకు ఎప్పటినుంచో ప్రేమ వ్యవహారం ఉన్నట్టు తేలింది. ఇంత విధ్వంసానికి నేను చేసిందేమిటయ్యా అంటే, చేయి చాపకుండా కూర్చోవడం. నమ్మరు కదా? వినండి.

నేను ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తాను. ఏడో తరగతిలో బడి వదిలేశాను. బడి ఏమీ బెంగపెట్టుకున్నట్టు కనబడలేదు. మా అమ్మ మార్తమ్మ ఏళ్లతరబడి పోరగా పోరగా, మిర్యాలగూడలో మా అక్కవాళ్లింటికి పోయినప్పుడు సాగర్ కాలువలో బాప్తిస్మం తీసుకున్నాను. నీళ్లలో మునిగేటప్పుడు పాపిని, లేచేటప్పుడు కొత్త మనిషిని. జేబులోని ఫోను మాత్రం మునిగేటప్పుడు బతికే ఉంది, లేచేసరికి పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకే కోదాడ సంబంధం వచ్చింది. పిల్ల పేరు కృప. రక్తపరీక్షల ల్యాబులో పని. తల్లిదండ్రులు లేరు, నాయనమ్మ రాహేలమ్మ పెంచింది. ఫొటో చూశాక నేను బాగుచేసే ఫ్యాన్లన్నీ ఉల్టా తిరగసాగాయి. "పిల్లగాడు ఇంట్లో ఎట్లున్నాడో కాదు, గుళ్లో ఎట్లున్నాడో చూస్తాం" అని కబురు పంపింది రాహేలమ్మ. రాబోయే ఆదివారమే వస్తారట.

సరిగ్గా ముందటి ఆదివారమే మా పాస్టరు అయ్యగారు ప్రసంగం చేశారు. దేవుడు పరిపూర్ణుడు, ఆయన్ని నమ్మినవాళ్లు కూడా పరిపూర్ణులుగా ఉండాలి అని. అందరూ ఆమేన్ అన్నారు, ఇంటికి పోయి పప్పుచారు తిన్నారు. నేను మాత్రం నమ్మేశాను. కొత్త బండి కొన్నవాడు అద్దం మీద ఈగ వాలినా తుడుస్తాడు చూడండి, అలా ఉంది నా ఆత్మ పరిస్థితి.

వారమంతా ఒక్క అబద్ధం ఆడలేదు. షాపుకొచ్చిన ఒకావిడ, "తమ్మీ, మిక్సీ ఇగ మంచిగ నడుస్తదా?" అంది.

"నడుస్తదక్కా. గని ఎన్నొద్దులు నడుస్తదో నాకైతే నమ్మకం లేదు."

ఆమె మిక్సీ చంకలో పెట్టుకుని పక్కషాపుకు పోయింది. మా ఓనరు నెత్తి పట్టుకున్నాడు. "సామేలూ, నీకు దండం పెడ్తరా. నువ్వు పరలోకం పో, నన్నెందుకురా అడుక్కతినిపిస్తవ్?"

పక్కింటి పిన్ని కూర తెచ్చి ఎలా ఉందని అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ వారం ఇంక కూర రాలేదు. నీతిమంతుడి కంచం ఎప్పుడూ ఖాళీగానే ఉంటుందని గ్రహించాను.

ఆదివారం వచ్చింది. గుడి వాకిట్లో కారు దిగిన రాహేలమ్మను మా అమ్మ రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకొస్తూ అంది: "మా వోడు టెన్త్ పాసైండమ్మా. ఫస్టు క్లాసుల."

నేను నోరు తెరిచాను. అమ్మ మడమ నా బొటనవేలి మీద పడింది. నోరు మూశాను.

ఇప్పుడు మీకో సంగతి చెప్పాలి. నెల మొదటి ఆదివారం మా గుళ్లో ప్రభు బల్ల ఉంటుంది, ఆ రోజు అదే. యేసు మనకోసం ప్రాణం పెట్టిన సంగతి తలచుకుంటూ అందరం రొట్టె ముక్క, ద్రాక్షరసం తీసుకుంటాం. తప్పు కడుపులో పెట్టుకుని ముట్టుకోవద్దని పెద్దలు చెప్తారు. కాబట్టి ఎవరైనా పళ్లెం ముట్టకుండా పక్కకు జరిపారంటే, వాళ్లేదో ఘోరం చేశారన్నమాటే. ఆ ఘోరమేదో ఊహించడానికి మా సంఘంలో సామర్థ్యానికి కొదవలేదు.

పళ్లెం నా దాకా వచ్చింది. టెన్త్ పాస్ అబద్ధం గొంతులో ఎముకలా అడ్డంపడింది. తినలేక, పళ్లెం పక్కకు జరిపాను.

పక్కనే కూర్చున్న సంఘపెద్ద జకర్యన్న గుసగుసగా, అంటే మూడు వరుసలకు వినపడేలా, "తీస్కోరా" అన్నాడు.

"వద్దన్నా."

"ఏం చేసినవ్ రా?"

"నేనేం చెయ్యలే."

"చెయ్యనోనివి తీస్కో మరి!"

"అట్లగాదన్నా..."

"అట్లగాదంటే? తాగినవా?"

అదే సమయంలో ఆడవాళ్ల వైపు కూడా కలకలం మొదలైంది. కొంగుల చాటున తలలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. అంతా నన్ను చూసేననుకుని తల నేలకేసి పెట్టుకున్నాను.

ఆరాధన ముగిశాక షామియానా కింద బిర్యానీ వడ్డిస్తుంటే రాహేలమ్మ నా ముందుకొచ్చి నిలబడింది. మనిషి పిడికెడంతే. చూపు మాత్రం కోర్టులో వకీలుది.

"ఏం నాయనా, బల్లెందుకు తీసుకోలేదు?"

నిజం చెబితే అమ్మ అబద్ధాలకోరు అవుతుంది. అబద్ధం చెబితే వారమంతా పస్తున్నది దండగ. అందుకే చిన్నచిన్న పాపాలన్నీ పోగుచేసి ముందేశాను. "మొన్న దోస్తుగాని చార్జరు తీస్కొని ఇయ్యలేదమ్మా. ప్రార్థనల కునుకు తీసిన. అయ్యగారి ప్రసంగం పొడుగైతే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టిన."

"వీటికెవరన్నా బల్ల మానేస్తారా? అసలుది చెప్పు."

వెనకనుంచి మా సంఘంలోని ఒక పెద్దమ్మ కల్పించుకుంది. "అమ్మా, ఆ పిలగాన్ని ఒక్కన్నే అడుగుతరేంది? మీ పిల్ల గూడ తీస్కోలే గద! నేను పక్కనే ఉన్న, సూసిన."

ఒక్క క్షణం గరిటెలు ఆగిపోయాయి. నేను తలెత్తాను. కృప తలదించుకుని ఉంది. జకర్యన్న అటు చూశాడు, ఇటు చూశాడు, లెక్క తేల్చేశాడు.

"ఓహో! పిలగాడు తీస్కోలే, పిల్ల తీస్కోలే. అంటే ఇద్దరిది ఒకటే తప్పు. ఎప్పటిసంది నడుస్తుందిరా గీ కథ?"

"అన్నా, నేనీ అమ్మాయిని మొదటిసారి చూస్తున్నదే ఇయ్యాల!"

"అట్లనే అంటరు."

"కోదాడకు ఫ్యాను బాగుచెయ్య పోయినట్టుండు" అందొక గొంతు. "ల్యాబుల రక్తం ఇయ్య పోయినట్టుండు" అందింకో గొంతు. ఇంకాసేపు ఆగితే మా పిల్లలకు పేర్లు కూడా పెట్టేసేవారు. రాహేలమ్మ బీపీ పెరిగి కుర్చీలో కూలబడింది. "కారు తియ్యమనండి. మేం పోతాం" అంది. డ్రైవరు అప్పుడే లెగ్ పీసు మీద చేయి వేశాడు, పాపం.

నా పెళ్లి కళ్లముందే ఇంజను స్టార్టు చేస్తుంటే, అయ్యగారు వచ్చి మా నలుగురినీ తన గదిలోకి తీసుకుపోయారు. "ఇగ చెప్పు సామేలూ" అన్నారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"అయ్యగారూ, నాది ఏడో తరగతే. టెన్త్ గాదు. పరిపూర్ణంగ ఉండాలన్నరు గద, అబద్ధం ఉంచుకొని ఎట్ల తినాలె?"

అమ్మ భోరుమంది. "ఆని తప్పు లేదమ్మా. ఆని నాయన పోయినప్పుడు ఇల్లు గడవక బడి మాన్పించింది నేను. నా కొడుకు దేంట్ల తక్కువ? బడోళ్లు పాస్ చెయ్యకపోతే నేను చేసిన!"

నేను నవ్వించడానికే పుట్టినవాడిని. ఆ క్షణంలో మాత్రం ఒక్క జోకూ తోచలేదు. వెళ్లి అమ్మ పక్కన నిలబడ్డాను.

అప్పుడు కృప మొదటిసారి మాట్లాడింది. "నాయనమ్మా, నేనూ అందుకే తీసుకోలేదు. నేను చేపల పులుసు పెడితే వీధంతా లొట్టలేస్తదని వీళ్లకి ఫోన్లో చెప్పావుగా? నాకు అన్నం వార్చడం కూడా రాదు."

"నేర్చుకుంటావుగా అని ముందే చెప్పానే!" అంది రాహేలమ్మ, చూపు కిటికీ వైపు తిప్పుకుంటూ.

అయ్యగారు చాలాసేపు నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తుడుచుకున్నారు. "పరిపూర్ణంగ ఉండమంటే ఆ దిక్కు నడవమని సామేలూ. ఇంకా చేరలేదని అన్నం మానేస్తరా? దవాఖానకు రోగం తగ్గినంక పోతరా? పడ్డోడు లేవాలనే గద ఈ బల్ల. తప్పు తెలిసింది, మనసుల మండింది, చెప్పుకున్నరు. గంతే."

"అంటే అబద్ధం ఆడినా పర్వాలేదా అయ్యగారూ?" అడిగాను ఆశగా.

"ఆడొద్దు. ఆడితే ఒప్పుకో. ఒప్పుకున్నంక కూడా దేవుడు నిన్ను బయట నిలబెట్టిండనుకోకు."

ఆయన లోపలికి పోయి, మిగిలిన రొట్టె పళ్లెం తెచ్చి, చిన్న ప్రార్థన చేసి మా ముందు పెట్టారు. నేను తీసుకున్నాను. కృప తీసుకుంది. అంతకుముందు గుళ్లో ధైర్యంగా రొట్టె తిన్న మా అమ్మ, రాహేలమ్మ కూడా "మాకు మళ్లా ఒక ముక్క" అన్నట్టు చేతులు చాపారు.

రొట్టె నములుతూ రాహేలమ్మకు ఏదో గుర్తొచ్చింది. "అయ్యగారూ, సంబంధం గురించి అడిగితే మరి మీరేగా చెప్పారు? అబ్బాయి చాలా నెమ్మది, పదిసార్లు అడిగితే గాని ఒక్క మాట మాట్లాడడని?"

అమ్మ నన్ను చూసింది. నేను అయ్యగారిని చూశాను. అయ్యగారు పళ్లెంలో చివరి ముక్క తీసుకుని, మెల్లగా నోట్లో వేసుకున్నారు.

"నేను గూడ ఆ దిక్కే నడుస్తున్న తల్లీ" అన్నారు.

పెళ్లయింది. పులుసు సంగతి అడక్కండి, ఈ విషయంలో నిజం చెప్పి బతికే ధైర్యం నాకు లేదు. ఇందుమూలంగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘస్థులందరి ఎదుట ప్రమాణపూర్వకంగా మనవి చేసుకుంటున్నాను: మంచివాడిగా ఉండే ప్రయత్నం మానను, తప్పు చేస్తే ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పుకుంటాను. కానీ పూర్తిగా మంచివాడినయ్యాకే రొట్టె ముడతానని ఈ జన్మలో మళ్లీ భీష్మించను. అందరం అలాగే ఆగితే, మా గుళ్లో రొట్టెకు బూజు పడుతుంది.