చీటీలో కొట్టేసిన మాట

మాది కోడుమూరు దగ్గర పల్లె. మా చర్చిలో ఎవరికి ఏ ప్రార్థన కావాలో చీటీ మీద రాసి పెట్టెలో వేస్తే, ఆదివారం పాస్టరుగారు పేరుతో సహా చదువుతారు. రెండేళ్ల కిందట నేనూ ఒకటి రాశాను: "మా ఆయన ఐదో బోరు వేయించకుండా దేవుడు ఆపాలి." అప్పటికే నాలుగు బోర్లలో దుమ్ము తప్ప నీళ్లు రాలేదు. కానీ ఇంటి సంగతి అంత విప్పి చెప్పడం మర్యాద కాదనిపించింది. ఆ వాక్యం కొట్టేసి, "మా ఆయన తన చెడు అలవాటు మానుకోవాలి" అని అందంగా దిద్దాను.

పాస్టరుగారు అది చదవగానే చర్చి మొత్తం మా ఆయన వైపు తిరిగింది. టీ కూడా ముట్టని మనిషాయన! ఆరాధన ముగియగానే సంఘపెద్ద ఆయన భుజం మీద చెయ్యేసి, "ఎన్నాళ్ల నుంచి తాగుతాండావప్పా?" అని మెల్లగా అడిగాడు. మా ఆయన గిర్రున నా వైపు తిరిగారు.

"తాగుడు గాదు పెద్దయ్యా, బోర్ల పిచ్చి!" అని అరిచేశాను.

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. మగవాళ్లలో సగం మంది గబగబా చెప్పులు వెతుక్కున్నారు, సంఘపెద్దతో సహా.

"ఇంగోసారి చీటీ రాస్తే ముందు నాకు సూపియ్యి" అన్నారు మా ఆయన దారిలో.

సిగ్గుపడి కొట్టేసిన మాటే నేను చెప్పాల్సిన మాటని ఆ రోజు తెలిసింది. నాకొక్కదానికే కాదు. తర్వాతి ఆదివారం పెట్టెలో తొమ్మిది బోరు చీటీలు పడ్డాయి. మొదటిది సంఘపెద్ద భార్యది.