ఓబులేసు పేరుతో నేను రాసిన ఉత్తరం

ఎనిమిదేళ్లుగా ఓబులేసు నాకు నమస్కారం పెడుతున్నాడు. పొద్దుటూరు బస్టాండులో, సంతలో, చాపాడు రోడ్డు మీద గొర్రెలను తోలుకుపోతూ, ఎక్కడ కనిపించినా సరే, కర్రను చంకలో ఇరికించుకుని రెండు చేతులూ జోడిస్తాడు. ఆ నమస్కారం బరువు మీకు ఎలా చెప్పాలో తెలియదు. ఎవరైనా చెంప మీద కొడితే ఆ పూటకు మండుతుంది. ఇది ఎనిమిదేళ్లు మండింది.

నా పేరు రాయను. భయపడి కాదు, ఉద్యోగం కూడా అయిపోయింది. నా పేరు తెలిస్తే బడి పేరు తెలుస్తుంది, దాని వెంట ఒక అమ్మాయి ఎవరో తెలుస్తుంది. ఆ పిల్లకు నేను చేసింది చాలు. ఓబులేసు, జ్యోతి అన్న పేర్లు కూడా నేను పెట్టినవే. మిగిలినదంతా జరిగినది జరిగినట్టు చెబుతాను. ముందే ఒక మాట. నేను చేసిన పని తప్పు. నేను అనుకున్నది తప్పని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఈ రెండింటినీ విడివిడిగా చూడగలిగితేనే ముందుకు చదవండి.

పొద్దుటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను ఆటల మాస్టరును. బడి వెనక చిన్న మైదానం. అందులో రాళ్లు ఏరింది నేను. ఎండాకాలం నీళ్లు చల్లించింది నేను. సున్నంతో గీతలు గీసింది నేను. ఆడపిల్లలను ఆటలకు పంపమని ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులను బతిమాలింది కూడా నేనే. అలా తయారైందే మా ఖోఖో జట్టు. ఆ జట్టులో జ్యోతి ఉంటే అవతలివాళ్లు ముందే నీరుగారిపోయేవాళ్లు. చాపాడు దగ్గర పల్లె నుంచి ఆటోలో వచ్చేది. గొర్రెలు కాసే ఓబులేసు కూతురు. చిన్నప్పటి నుంచీ మంద వెంట పరిగెత్తిన కాళ్లు. తరమడం నేను నేర్పాల్సిన పని లేకపోయింది. వంగి మలుపు తిరగడం ఒక్కటే నేర్పాను.

జ్యోతి తొమ్మిదో తరగతిలో ఉండగా మా కరస్పాండెంటు ఒక కొత్త ఆలోచన తెచ్చాడు. బంగారు అంగళ్ల కుటుంబం మనిషి, మంచివాడే. పక్క ఊళ్ల బడుల్లో వీడియో గేముల పోటీలు మొదలయ్యాయనీ, మన పిల్లలు కూడా ఆడాలనీ అన్నాడు. ఆట సామాన్లు పెట్టుకునే గది ఖాళీ చేయించి ఆరు కంప్యూటర్లు పెట్టించాడు. నా ఖోఖో స్తంభాలు, వలలు, బంతులు మెట్ల కిందికి పోయాయి. వారంలో రెండు ఆటల పీరియడ్లు ఆ గదికి పోయాయి. స్టాఫు మీటింగులో అందరి ముందరా అడిగాడు, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని. నా వైపు చూసే అడిగాడు.

నేను మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదు? ఇన్నేళ్లూ నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. కాలం మారింది తెలియని ముసలాయన అంటారని సిగ్గుపడ్డానా? నేను వద్దన్నా ఎవరూ వినరని ముందే అనుకున్నానా? అదేం కాదు. ఎదురుగా నిలబడి ఓడిపోవడం నాకు ఇష్టం లేదు. పిల్లలకు రోజూ చెప్పేవాణ్ణి, ఓడిపోయినా చేయి కలిపి రావాలని. నాకు చేతకాలేదు.

నెల తిరిగేసరికి జ్యోతి ఖోఖో వదిలి ఆ గదిలోకి వెళ్లింది. అయిదుగురు జట్టుగా ఆడే ఆట అది. అవతలి జట్టు కోటను పడగొట్టాలి. ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి చూశాను. నవ్వుకుందామనే వెళ్లాను. జ్యోతి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెర మీది నుంచి కన్ను తిప్పకుండా, మిగిలిన నలుగురికీ చెబుతోంది, నువ్వు వెనక్కి రా, నువ్వు ఆగు, ఇప్పుడు పో. గొంతు పెంచలేదు. మైదానంలో ఆ పిల్ల నోరు తెరిచి పక్కవాళ్లకు ఒక మాట చెప్పగా నేను వినలేదు. ఇక్కడ జట్టంతా ఆమె మాట మీద కదులుతోంది. అది ఆటేనని నాకు అక్కడే అర్థమైంది. పిచ్చి కాలక్షేపమని నిజంగా నమ్మి ఉంటే ఆ తర్వాతి పని చేసి ఉండేవాణ్ణి కాదు. నా పిల్లను నా కంటే బాగా నడిపించే ఆట ఒకటి ఉందని తెలిసి ఓర్చుకోలేకపోయాను.

జమ్మలమడుగులో పోటీ పెట్టారు. చుట్టుపక్కల బడులన్నీ వస్తున్నాయి. మా జట్టుకు జ్యోతి కెప్టెన్. వారం ముందు నేను ఒక ఉత్తరం రాశాను. కరస్పాండెంటుకు, ఓబులేసు రాసినట్టు. నా చేతిరాత తెలియకూడదని ఎడమచేత్తో రాశాను. మీరు నా బిడ్డను గేములకు బానిసను చేస్తున్నారు, ఆడపిల్లను ఊళ్లు తిప్పుతున్నారు, జమ్మలమడుగుకు తీసుకుపోతే ఊరుకోను, పేపరు వాళ్లను పిలుచుకొస్తాను అని. కింద ఓబులేసు అని సంతకం పెట్టాను. చాపాడు దాకా పోయి అక్కడి డబ్బాలో వేశాను. పోస్టు ముద్ర కూడా సరిగ్గా ఉండాలి కదా.

ఎవరి పేరూ లేకుండా రాస్తే చించి పారేస్తారు. చదువుకున్న తండ్రి పేరు రాస్తే ఆయన వచ్చి కాదంటాడు. ఓబులేసు అయితే మంద వెంట తిరిగే మనిషి, బడి గడప ఎక్కి అడగడు అనుకున్నాను. ఇదంతా ఆలోచించే చేశాను. కోపంలో చేసిన పని అని మీరు నా తరఫున సర్దిచెప్పకండి.

ఉత్తరం పనిచేసింది. కరస్పాండెంటు భయపడి ప్రయాణం ఆపేశాడు. వారంలోపే ఆ గదికి తాళం వేశారు. జ్యోతిని పిలిచి, మీ నాయనే వద్దని ఉత్తరం పంపించాడమ్మా, మేమేం చేస్తాం అన్నాడు. ఉత్తరం ఆ పిల్లకు చూపించలేదు. చూపించి ఉంటే ఆ సంతకం దగ్గరే బయటపడేది.

మూడో రోజు ఓబులేసు వచ్చాడు. ఆఫీసుకు వెళ్లలేదు. మైదానం చివర, గేటు బయటే నిలబడి నన్ను పిలిచాడు. నన్నే. ఆ బడిలో ఆయనకు తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. కూతురిని ఆటలకు పంపమని వాళ్ల ఇంటికి వెళ్లిన సారును నేనే కదా.

"సార్, నేనేందో కాగితం రాసినానంట. నా బిడ్డ నాతో మాట్లాడతా ల్యాదు. కూడు గూడా తింటా ల్యాదు. నాకు రాసేకి యాడొచ్చు సార్? ఏలిముద్ర ఏసేటోన్ని."

"ఎవురో నీ మేలు కోరి రాసింటారు లేప్పా."

"యాడి మేలు సార్? జమ్మలమడుక్కి పొమ్మని నేనే గదా చెప్పింది. అందరి ముందర ఆడాల గదా అని కొత్త చెప్పులు గూడా తెచ్చినా. పోయి సార్ వాళ్లకు చెప్తా, నేను రాయల్యా అని."

అప్పుడైనా చెప్పవచ్చు. ఎవరూ లేరు. మేమిద్దరమే ఉన్నాం. కానీ నేను ఇలా అన్నాను:

"చెప్తే ఏమైతుందో తెలుసా? దొంగ సంతకం అంటే పోలీసు కేసప్పా. ఎవురు రాసినారు, ఎందుకు రాసినారు అని పిల్లను గూడా అడుగుతారు. ఆడపిల్ల పేరు ఊరంతా తిరుగుతుంది. నువ్వు అవునని అనొద్దు, కాదని అనొద్దు. ఇంట్లో గూడా అనొద్దు. నాలుగు దినాలు పోతే ఆ పిల్లే మర్చిపోతుంది."

"అయితే నేను చెడ్డోన్నయితే నా బిడ్డకు మంచిదంటారు."

నేను తల ఊపాను.

"సదువుకున్నోళ్లు, మీరు చెప్తే సరే సార్" అని చేతులు జోడించి వెళ్లిపోయాడు.

ఉత్తరం రాయడం ఒక తప్పు. దాన్ని పిరికివాడి పని అని ఎప్పుడో ఒప్పేసుకుని బతకగలిగేవాణ్ణేమో. గేటు దగ్గర చేసింది వేరు. ఒక తండ్రికి కూతురి మీద ఉన్న ప్రేమనే పట్టుకుని ఆయన నోరు మూయించాను. దానికి పేరు నాకు తెలియదు.

జ్యోతి మర్చిపోలేదు. తిరిగి ఖోఖోకూ రాలేదు. నేను దేని కోసం ఇదంతా చేశానో అది కూడా నాకు దక్కలేదు. పదో తరగతి కాగానే పులివెందులలో పిన్నమ్మ ఇంటికి పోయింది. అక్కడే ఇంటరు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, ఉద్యోగం. ఫోన్లో తల్లితోనే మాట్లాడుతుంది. ఇదంతా నాకు చెప్పింది ఓబులేసే. ఒకసారి బస్టాండులో సంచి నిండా వేరుశనక్కాయలతో కనిపించాడు. బిడ్డకే తీసుకుపోతున్నానన్నాడు. "నేనుండంగా బయటికి రాదు సార్. వాళ్ల పిన్నమ్మ చేతికిచ్చి వస్తా" అని నవ్వాడు. నేను ఆయనకు టీ తాగించాను. టీ! అంతకంటే నా చేత కాలేదు.

ఈ ఏడాది పదవీ విరమణ తర్వాత వేరే బడివాళ్లు నన్ను ఒక సమావేశానికి పిలిచారు. హైస్కూలు ఆటల్లో వీడియో గేములను చేర్చాలా వద్దా అని చర్చ. నేను లేచి వద్దన్నాను. బాగా మాట్లాడాను. ఇంటి దగ్గరా కుర్చీ, తరగతిలోనూ కుర్చీ, ఆటకు కూడా కుర్చీయేనా అన్నాను. మంచి కంప్యూటరు కొనగలిగిన బడే గెలుస్తుంది, మైదానానికి ఉత్త కాళ్లు చాలు అన్నాను. ఎవరో కంపెనీ వాడు రేపు మూసేస్తే పోయే ఆటను బడి నెత్తిన ఎందుకు పెట్టుకోవాలి అన్నాను. చప్పట్లు కొట్టారు. చివర ఒక చిన్న వయసు టీచరమ్మ లేచి అడిగింది: "ఆ గేము బాగా ఆడే పిల్లను మీరెప్పుడైనా దగ్గర నుంచి చూశారా సార్?"

చూశానని చెప్పలేకపోయాను. మర్నాడే పులివెందుల బస్సెక్కాను.

ల్యాబులో జ్యోతి నన్ను చూడగానే గుర్తుపట్టింది. రక్తపరీక్షకు వచ్చాననుకుని చీటీ అడిగింది. పక్కకు రమ్మని మొత్తం చెప్పాను. ఎడమచేత్తో రాయడం, చాపాడు పోస్టు డబ్బా, గేటు దగ్గరి మాటలు, ఒక్కటీ దాచలేదు. అయ్యాక జ్యోతి ఒకటే అడిగింది.

"మరి తాను రాయల్యా అని మా నాయన నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దని నేనే అంటిని. చెప్తే నీ పేరు చెడిపోతాదని భయపెట్టినా."

చేతి తొడుగులు తీసి బుట్టలో వేసింది. ఫోను తీసి నంబరు నొక్కింది. అటువైపు ఎత్తేదాకా నా ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"నాయనా, యాడుండావు?"

అంతే విన్నాను. లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను వరండాలో రోగుల మధ్య బెంచీ మీద కూర్చున్నాను. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు నాకు లేదు. బయటికి వచ్చినప్పుడు ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెళ్లిపొమ్మంటుందనుకున్నాను.

"ఇప్పుడైనా ఒప్పుకుంటారా సార్, ఆ గేము బళ్లో ఉండొచ్చని?"

అవునని చెప్పి ఉంటే ఆమెకు కాస్త ఊరట కలిగేదేమో. నాకు కొంచెం క్షమ కూడా దొరికేదేమో. కానీ ఆ పిల్ల దగ్గర మళ్లీ అబద్ధం ఆడడానికా నేను అంత దూరం పోయింది?

"లేదమ్మా. అది ఆట కాదని అనను. నువ్వు ఆడంగా చూసినా, నాకు తెలుసు. కానీ బళ్లో ఉన్న ఆ ఒక్క గంటా పిల్లోళ్లు ఎండలో పరిగెత్తాల్సిందే అంటా. ఇప్పుడూ అదే అంటా."

"ఆ మాట ఆ పొద్దు మా ముందర చెప్పింటే, మీతో కొట్లాడేదాన్ని సార్" అంది. "గెలిచేదాన్ని గూడా." తర్వాతి చీటీ వాళ్లను పిలిచి లోపలికి వెళ్లిపోయింది.

క్షమించిందా అని నన్ను అడగకండి. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఓబులేసుకు నా ముఖం చూపించాల్సి ఉంది. ఈసారి ఆయన చేతులు జోడించడు. జోడించకూడదు. అది తెలిసే వెళతాను.

ల్యాబు నుంచి బస్టాండు దాకా ఎండలో నడిచాను. అక్కడ హోటల్లో కూర్చుని ఎర్రకారం దోసెలు రెండు తిన్నాను. మూడోది కూడా వేయమన్నాను. సిగ్గు లేకుండా ఆకలి వేసింది.