పళ్లెం ముందు నాని

కొండపల్లి అంగన్‌వాడీలో ఆయాగా చేసే నాగమల్లేశ్వరికి పిల్లలంటే విసుగు లేదు. కొంగు నడుముకి బిగించి, ఒక చేత్తో ఉప్మా కలుపుతూ, రెండో చేత్తో ఎవరిదో ముక్కు తుడుస్తూ, నోటితో చెమ్మచెక్క పాట పాడుతూ ఉంటుంది. పిల్లలు ఆమె వీపెక్కి ఊగుతారు. కొందరు ఆ పాటలోనే నిద్రపోతారు. తన కొడుకు నానిని మాత్రం ఇంగ్లీషు కాన్వెంటులో ఎల్కేజీలో వేసింది. "మీవాణ్ణీ ఇక్కడే వెయ్యొచ్చుగా మల్లేశ్వరీ?" అని టీచరు ఉష అడిగినప్పుడల్లా, "ఇక్కడ ఆటలేగదండీ! అక్కడైతే టై కట్టి కుదురుగా కూర్చోబెడతారు," అంటుంది. ఆ మాట అనేటప్పుడు ఆమె మెడ కొంచెం నిటారవుతుంది.

ఒక శనివారం కాన్వెంటుకి సెలవిస్తే నానిని వెంట తెచ్చుకుంది. పిల్లలంతా గోలగోలగా ఉప్మా తింటున్నారు. వాడు మాత్రం పళ్లెం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"తినరా నాన్నా, చల్లారిపోద్ది."

"ఇంకా గంట కొట్టలేదుగా అమ్మా."

"ఎంత డిసిప్లినో చూశావా!" అంది ఉష. ఇంకో రోజైతే ఆ మాటకి నాగమల్లేశ్వరి మురిసిపోయేదే. ఇప్పుడు మాత్రం గరిటెతో గిన్నె అంచు మీద ఠంగుమని కొట్టింది. వాడు గబగబా తిన్నాడు. పాపం, ఆకలి మీదే ఉన్నాడు.

మిగతా పిల్లలు కుళాయి దగ్గర ఒకరి మీద ఒకరు నీళ్లు చిమ్ముకుంటున్నారు. నాని ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని, గంట కోసం తల్లివైపు చూశాడు. ఆమె మళ్లీ గరిటె అందుకుంది.