దశరథం గారి మాఫీ ఇనుములు

దశరథం గారి లెక్కలో మనిషి తప్పు చేయడు. తప్పులన్నీ వస్తువులే చేస్తాయి. గ్లాసు చేయి జారి పగిలితే గ్లాసు మరీ నున్నగా ఉండటం తప్పు. పిల్లవాడి అక్షరాలు వంకరపోతే బల్ల ఎత్తు తప్పు. ఒకసారి వికారాబాద్ స్టేషన్‌లో ఆయన కళ్ళముందే రైలు వెళ్ళిపోయింది. బయల్దేరే ముందు ఇంట్లో తాగిన మూడో చాయ సంగతి ఆయన తలుచుకోనే లేదు. ప్లాట్‌ఫారం మీద కూర్చుని, కుడి చెప్పు ఎడమ చెప్పుకన్నా రెండు మిల్లీమీటర్లు ఎక్కువ అరిగిందని కొలిచి తేల్చి, తృప్తిగా ఇంటికి వచ్చారు.

తాండూరు అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఆయన ముప్పై రెండేళ్ళు పనిచేశారు. మెషీన్ ఆగినప్పుడల్లా అది ఎందుకు ఆగిందో రిపోర్టు రాయడం ఆయన పని. ఆ రిపోర్టులో ‘కారణం’ అని ఒక కాలమ్ ఉండేది. అందులో బెల్టు పడింది, బేరింగు పడింది, దుమ్ము పడింది, ఎండ పడింది, ఒక ఏడాది ఉడుత కూడా పడింది. మనిషి పేరు మాత్రం ఒక్కటీ పడలేదు. రిటైరైన రోజు పెద్ద మేనేజరు దండ వేస్తూ, “దశరథం గారి లెక్క ప్రకారం మన దగ్గర మనుషులంతా దేవతలు, మెషీన్లన్నీ రాక్షసులు” అన్నాడు. అంటుండగానే దండ తెగింది. “దారం నాసిరకం,” అన్నారు దశరథం గారు, దాన్ని లాగిన చేతి వైపు కన్నెత్తి చూడకుండా.

ఈ గుణం వల్ల అందరికన్నా ఎక్కువ బాధపడింది ఆయన భార్య కస్తూరమ్మ.

“ఈ ఇంట్ల తప్పు జేసే భాగ్యం గూడ నాకు లేదు,” అని ఆమె వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. “పప్పు మాడితే గిన్నె అడుగు పలుచగున్నదంటడు. ఒకనాడు కోపమొచ్చి, కావాల్నని కూరల రెండుసార్లు ఉప్పేసిన. లోటకు లోట నీళ్ళు తాగుకుంట తిన్నడు గని, చెంచా లోతెక్కువున్నదని కొత్త చెంచా కొనుక్కొచ్చిండు. గీయనతోని కొట్లాట ఎట్ల పెట్టుకోవాలె, చెప్పున్రి?”

అటువంటి మనిషికి రిటైరయ్యాక గోల్ఫ్ దొరికింది. వికారాబాద్ పొలిమేరలో, గుట్టల దిగువన, ఎవరో తొమ్మిది గుంతల గోల్ఫ్ మైదానం ఒకటి వేశారు. దశరథం గారు పొద్దుటి నడక కోసం అటు వెళ్ళి, ఒక బంతిని కొట్టి చూసి, అది ఎదురుగా పోకుండా పక్కనున్న కందిచేనులో పడటం గమనించి, మహదానందపడి సభ్యత్వం తీసుకున్నారు. ఒక ఆటలో ఇన్ని తప్పులు, ఆ తప్పులన్నిటికీ బాధ్యత మోయడానికి ఇన్ని రకాల ఇనుప కర్రలు! ఆయన కోసమే పుట్టినట్టుంది ఆట.

గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ అని ఒక అంకె ఉంటుంది. అంకె ఎంత పెద్దదైతే ఆట అంత చిన్నది. ఆ మైదానంలో అందరికన్నా పెద్ద అంకె దశరథం గారిది. రెండో పెద్ద అంకె తాండూరు బండల వ్యాపారి అమర్‌నాథ్‌ది. ఇద్దరికీ తేడా ఏమిటంటే, దశరథం గారు తన అంకెను పేరు పక్కన డిగ్రీలా చెప్పుకునేవారు. అమర్‌నాథ్ దాన్ని దగ్గరి చుట్టాలకు కూడా చెప్పలేదు.

అమర్‌నాథ్ మామూలు మనిషి కాడు. బండను వేలిగోటితో తట్టి అది ఏ మూల పగులుతుందో చెప్పగలడు. ఆ నేర్పు బంతి దగ్గర పనిచేయలేదు. అది అతని మాట తప్ప అందరి మాటా వినేది. ఆ లోటు పూడ్చుకోవడానికి అతను టీవీలో పెద్ద ఆటగాళ్ళ చేతుల్లో కనిపించే రకం ఇనుప కర్రలు, ఆటవాళ్ళ భాషలో ఇనుములు, తెప్పించుకున్నాడు. కత్తి అంచులా సన్నగా, అద్దంలా మెరుస్తూ ఉండేవి. ప్రతి ఆదివారం తాండూరు నుంచి కారులో వాటిని వెనక సీటు మీద పడుకోబెట్టి తెచ్చేవాడు. ఆడేటప్పుడు ఎలా ఉన్నా, మోసేటప్పుడు అతను చాంపియన్‌లాగే ఉండేవాడు.

మొదటి ఆదివారమే దశరథం గారి చూపు ఆ ఇనుముల మీద పడింది.

“సేటు, జర ఆగున్రి,” అని జేబులోంచి కస్తూరమ్మ గారి పౌడరు డబ్బా తీసి, అమర్‌నాథ్ ఏడో నంబరు ఇనుముకు బంతి తగిలే మొహానికి తెల్లగా పౌడరు అద్దారు. “గిప్పుడు కొట్టున్రి.”

అమర్‌నాథ్ ఏడు బంతులు కొట్టాడు. బంతి తగిలిన ప్రతిచోటా పౌడరు లేచిపోయింది. మొహమంతా మచ్చలు, వడగళ్ళ వాన పడ్డట్టు.

“చూసిన్రా? ఏడు దెబ్బలు, ఏడు తావులు. నడుమ ఒక్కటి గూడ తగల్లే.”

“అంటే నాకు ఆట రాదంటరా?”

“ఛ ఛ! మీ తప్పేముంది? తప్పంత గీ ఇనుముది. నట్టనడుమ తగిలితెనే పోత, ఇంచు పక్కకు తగిలితె నీ సంగతి చెప్త అంటది. మనసొంటోళ్ళకు గింత పొగరున్న ఇనుము ఎందుకు సేటు?” అని ఆయన తన ఇనుమును ముందుకు చాపారు. “గిది చూడున్రి. ఎనక బోలు. బరువంత అంచులకు పంచిన్రు. పక్కకు తగిలినా చేతిల మెలి తిరగది. అడుగు ఎడల్పు, మట్టిల దిగబడది, జారుకుంట పోతది. మనం తప్పు గొట్టినా మాఫీ జేస్తది.”

“రుణమాఫీ ఇన్న గని ఇనుము మాఫీ ఇప్పుడే ఇంటున్న. గింత లావున్నది, ఇది ఆడేదా సార్, ఇస్త్రీ పెట్టెనా?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దశరథం గారూ నవ్వారు. నవ్వితే ఊరుకుంటారని అమర్‌నాథ్ అనుకున్నాడు. అదే పొరపాటు.

ఆరోజు నుంచి ఆయన వెంటపడ్డారు. కారు దిగగానే మాఫీ. చాయ దగ్గర మాఫీ. చేతులు కడుక్కుంటుంటే పక్క నల్లా దగ్గర నిలబడి, “మూడు, నాలుగు నంబర్లయితె తీసి పక్కకు పెట్టున్రి సేటు, గవి మీకు నాకు పుట్టినయి గావు. కర్ర గూడ జర వంగేది, తేలికది ఉండాలె” అని మాఫీ. ఒకసారి అమర్‌నాథ్ ఆయన కళ్ళబడకుండా ఉండటానికి తొమ్మిదో గుంత నుంచి వెనక్కి ఆడుకుంటూ వచ్చాడు. ఆయన ఒకటో గుంత దగ్గర పౌడరు డబ్బాతో కూర్చుని ఉన్నారు.

ఇట్లా ఉండగా ఒక ఆదివారం పోటీ పెట్టారు. అమర్‌నాథ్ పొద్దున్నే వచ్చి కారు దిగాడో లేదో ఫోన్ మోగింది. ఎవరో కొనేవాడు బండల మందం తగ్గిందని గొడవ. భుజాన ఉన్న ఇనుముల సంచిని ఎక్కడో దించి, “ఇంచున్నర అంటే ఇంచున్నరనే ఇచ్చిన!” అని అరుచుకుంటూ నల్లా దాకా నడిచాడు. అంతలో వెనక ఫెళఫెళమని చప్పుడు.

బ్యాటరీ బండి నడిపే కిష్టప్ప దారి ఖాళీ చేద్దామని బండిని వెనక్కి తీశాడు. చక్రం సంచి మీదికి ఎక్కింది. నాలుగు ఇనుములు కొడవళ్ళయ్యాయి.

“కండ్లు లేవా నీకు?” అని అమర్‌నాథ్ మైదానం అదిరేలా అరిచాడు.

“ఎక్కెటప్పుడు చూసిన సేటు. ఎనక ఏం లేకుండె,” అన్నాడు కిష్టప్ప. మర్పల్లి నుంచి రోజూ మొదటి బస్సుకు వచ్చే మనిషి, ఎనిమిది నెలల్లో ఒక్కరోజు ఆలస్యం కాలేదు.

“ఏం లేకుండెనా? నేను గోడ పక్కకు పెట్టిన!”

గోడ పక్కన పెట్టినట్టు అమర్‌నాథ్‌కు గట్టిగా గుర్తు. గుర్తంటే, అట్లా గుర్తుంటే బాగుంటుందని. గోడ పక్కనున్న సంచి బండి కిందికి ఎట్లా వచ్చిందన్న ప్రశ్న మనసులో తల ఎత్తింది గానీ, చుట్టూ పదిమంది చూస్తుండగా దాన్ని పలకరించడం అతనికి మర్యాదగా తోచలేదు.

మైదానం మేనేజరు అంకిత పరుగెత్తుకుంటూ వచ్చింది. “సర్, మీరు కాగితం మీద ఫిర్యాదు ఇస్తే కిష్టప్పను తీసెయ్యాల్సి వస్తది. రూలు గట్లనే ఉంది,” అంది ఇబ్బందిగా. ఇస్తానన్నాడు అమర్‌నాథ్. ముందు ప్రమాదం ఎలా జరిగిందో ఒక ఫారం నింపాలంది. ఫారంలో ‘కారణం’ అని ఒక కాలమ్ ఉంది.

ఆ మాట ఎంత దూరాన వినిపించిందో గానీ, దశరథం గారు చాయ కప్పు అక్కడే వదిలేసి వచ్చేశారు.

“ఫారం ఇటియ్యి బిడ్డా. గిది నా పని.”

ముప్పై రెండేళ్ళ అనుభవం రంగంలోకి దిగింది. టేపు వచ్చింది, దారం వచ్చింది, దారానికి కట్టిన బోల్టు వచ్చింది. గోడ నుంచి బండి దాకా కొలిచారు. బండి నుంచి గోడ దాకా మళ్ళీ కొలిచారు, అంకె మారిందేమోనని. చివరికి మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి గోల్ఫ్ బంతి తీసి నేల మీద వదిలారు. వంగి చూస్తున్నది అమర్‌నాథ్ ఒక్కడే. బంతి మెల్లగా దొర్లుకుంటూ గోడ వైపు పోయింది. దశరథం గారు దాన్ని చటుక్కున పట్టుకుని జేబులో వేసుకుని లేచారు.

తరువాత రెండు పేజీలు రాసి పైకి చదివారు. “కారణం: నేల వాలు. సంచి అడుగు గుండ్రము. గోడకు ఆనించిన సంచి, వాలు వలన తనంతట తాను జారి బండి వెనకకు చేరినది. డ్రైవరు లోపము లేదు. సభ్యుని లోపము లేదు.”

“వాలా?” అంది అంకిత.

“రెండున్నర డిగ్రీలు,” అన్నారాయన గంభీరంగా.

డిగ్రీలు వినపడేసరికి అందరూ తలలూపి పోటీకి వెళ్ళిపోయారు. కిష్టప్ప ఆ వాలును దేవుణ్ణి చూసినట్టు చూశాడు. అమర్‌నాథ్ మాత్రం కదల్లేదు. బంతి ఎటు పోయిందో అతను చూశాడు. వాలు గోడ వైపుకే ఉంది. ఆ వాలున సంచి జారితే గోడను ఇంకా గట్టిగా కరుచుకోవాలి గానీ బండి వైపు ఎక్కి రాదు. బతుకంతా రాళ్ళను సమంగా పరిచేవాడికి ఆపాటి తెలుసు. తెలిసింది ఇంకొకటి కూడా ఉంది. ఈయనకు మొత్తం తెలుసు.

ఇరవై నిమిషాలు కారులో కూర్చున్నాడు. దిగాడు. మళ్ళీ కూర్చున్నాడు. చివరికి చాయ షెడ్డులోకి వెళ్ళి దశరథం గారి ఎదురుగా నిలబడ్డాడు.

“సార్, సంచి బండెనక పెట్టింది నేనే.”

“ఎరుకే. గీడనే కూసోని చూసిన. ‘ఇంచున్నర, ఇంచున్నర’ అనుకుంట దించిన్రు.”

“మరి గప్పుడే చెప్పొద్దా? నా పరువు సంగతి ఇడువున్రి, కిష్టప్ప నౌకరి పోతుండె.”

“యాడ పోయింది? వాలు కాపాడలేదా?” అని ఆయన చాయ ఊదుకున్నారు. “నేను మీ పేరు రాస్తె మీరేం జేస్తుంటిరి?”

అమర్‌నాథ్ ఆలోచించాడు. అబద్ధం చెప్పడానికి ఆరోజు కోటా అయిపోయింది. “కాదని కొట్లాడుతుంటి.”

“గంతే గద. పేరు రాస్తె మనిషి మొండికేస్తడు సేటు. బేరింగు మీద రాస్తె, రెండు దినాలకో నాలుగు దినాలకో ఆయనే మెల్లగ వచ్చి, ‘సార్, గాపొద్దు నాకు కునుకొచ్చింది’ అని చెవుల చెప్పి పోతడు. మల్ల జల్మల కునుకు తియ్యడు. ముప్పై రెండేండ్లు చూసిన. మీరే అందరికన్న జల్ది వచ్చిన్రు. అర్ధగంట గూడ కాలే.”

అమర్‌నాథ్ ఆఫీసుకు వెళ్ళి, ఫారం అడిగి తీసుకుని, ‘నేల వాలు’ అన్నది కొట్టేసి, “సంచి బండి వెనక పెట్టింది నేనే – అమర్‌నాథ్, తాండూరు” అని రాశాడు. బయటికి వచ్చి కిష్టప్పతో, “తప్పు నాదే కిష్టప్పా. నిన్ను ఊరికె తిట్టిన,” అన్నాడు. కిష్టప్ప సిగ్గుపడిపోయి, “పోనియ్యున్రి సేటు, వాలు గూడ ఉన్నది గద,” అన్నాడు.

అందరికన్నా ఎక్కువ నొచ్చుకున్నది దశరథం గారే. ఫారం చేతిలో పట్టుకుని, “గిదేంది సేటు! రెండు పేజీలు రాసిన. డిగ్రీలు గూడ ఏసిన. నా కాలమ్‌ల మనిషి పేరు వడుడు గిదే ఫస్టు!” అని చాలాసేపు గొణిగారు.

“వాలు ఎటున్నదో నేను గూడ చూసిన సార్,” అన్నాడు అమర్‌నాథ్.

ఆయన ఫారం మడిచి అంకితకు తిరిగి ఇచ్చేశారు.

వంగిన ఇనుములతో ఎట్లాగూ ఆడలేడు గనుక ఆ మధ్యాహ్నం అమర్‌నాథ్ తనంతట తానే అడిగాడు: “సార్, గా మాఫీ ఇనుములు ఎట్ల ఉండాల్నో జర చూపెట్టున్రి.” ఆ ఒక్క మాట కోసం ఏడాది ఎదురుచూసిన దశరథం గారి కళ్ళజోడు మీదికి ఆవిరి వచ్చింది. చాయది అన్నారు.

ఆఫీసులో అడిగి తెచ్చిన ఇనుములు మూడు రకాలు ప్రాక్టీసు వల దగ్గర వరుసగా పేర్చారు. ఒకటి తల మరీ బరువని తీసేశారు, ఒకటి అడుగు సన్నమని తీసేశారు. మూడోదాని వెనక వేలు పెట్టి బోలు కొలిచి, కర్రను వంచి చూసి, మొహానికి పౌడరు అద్ది చేతికిచ్చారు. కిష్టప్ప బంతి పెట్టి పక్కకు జరిగాడు.

అమర్‌నాథ్ ఊపాడు. తగిలిన చప్పుడు అంత బాగా లేదు. చేతికి కూడా దెబ్బ ఎక్కడో అంచున పడ్డట్టే అనిపించింది. అయినా బంతి లేచి, నిటారుగా పోయి, వల నట్టనడుమ తగిలింది. కిష్టప్ప చప్పట్లు కొట్టాడు.

“ఇనుము మంచిది సార్,” అన్నాడు అమర్‌నాథ్, పౌడరు చూద్దామని దాన్ని తిప్పబోతూ.

దశరథం గారు ఇనుమును అతని చేతిలోంచి తీసుకున్నారు. “ఇనుముదేముంది సేటు, కొట్టింది మీరు,” అంటూ, అమర్‌నాథ్ వంగి చూసేలోపే జేబురుమాలుతో దాని మొహం శుభ్రంగా తుడిచేశారు.