అన్నంలో దాక్కున్న పాపాలు

సంస్థానాల కాలంలో కొత్త కోడలికి ఆకలి వేయకూడదు. వేసినా బయటికి చెప్పకూడదు. పాన్‌గల్‌లో పుట్టి పెరిగి గద్వాలలో మగ్గాలున్న ఇంటికి కోడలిగా వచ్చిన నాకు ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. మా అత్తమ్మ ఏకాదశి ఉపవాసమంటే మంచినీళ్లే. మగ్గం గుంటలో కూర్చునే మగవాళ్లకు మినహాయింపు (కాళ్లూ చేతులూ ఆడించాలి కదా, దేవుడు ఏమీ అనుకోడట!). పొద్దంతా నూలు చుట్టే నా చేతులు మాత్రం దేవుడి కంట పడలేదు. పైగా మగవాళ్లకు జొన్నరొట్టెలు కొట్టిపెట్టాల్సింది నేనే. పెనం మీద రొట్టె పొంగుతుంటే నా ప్రాణం దానితోపాటే పొంగేది.

సాయంత్రాలు పంతులుగారు మా అరుగు మీద పురాణం చెప్పేవారు. ఒకనాడు ఆయన, అన్నమే దేవుడు, దాన్ని తోసిపుచ్చినవాడికి పుట్టగతులుండవు అన్నారు. ఎంత మంచి మాట అనుకున్నాను. తర్వాత వచ్చిన ఏకాదశినాడు, లోకంలోని పాపాలన్నీ ఈ రోజు అన్నంలో దూరి దాక్కుంటాయి, తింటే వాటిని మింగినట్టే అన్నారు. ఖాళీ కడుపుతో విన్నానేమో, తలుపు చాటు నుంచి అడిగేశాను.

"అయ్యగారూ, మొన్న అన్నమే దేవుడంటిరి. ఇయ్యాల దాంట్ల పాపాలు దాక్కుంటయంటున్రు. పాపాలు జొరబడుతుంటే దేవుడు ఊకుంటడా?"

అత్తమ్మ గిరుక్కున తిరిగింది. "ఏం పిల్లా, గిట్ల నోరు లేస్తుంది? రేపే బండి కట్టిచ్చి మీ అమ్మగారింటికి తోలిస్త!" ఆమె అన్నదంటే చేసే మనిషి. మగ్గం గుంటలోంచి మా ఆయన దగ్గు వినిపించింది (అది నవ్వని ఆయన ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది).

నన్ను కాపాడింది పక్కింటి పెద్దమ్మ. "పిల్ల అడిగిందాంట్ల తప్పేముంది? నాకు గూడ తెల్వదు. చెప్పుండ్రి అయ్యగారూ."

పంతులుగారు పుటలు ముందుకీ వెనక్కీ తిప్పారు. "రెండూ నిజమే తల్లీ. అది మామూలు రోజుల మాట, ఇది ఏకాదశి మాట."

"అంటే ఏకాదశినాడు దేవుడు అన్నంలకెల్లి లేసి బయటికి పోతడా?" అంది పెద్దమ్మ.

ఆయన పరేషానైపోయారు. "జర ఆగండమ్మా," అని చెమట తుడుచుకుని, చివరికి దారి దొరికినట్టు తలెత్తారు. "ఇక్కడ అన్నమంటే వరి అన్నం. జొన్నల ఊసే లేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఇంట వరి మెతుకు కనబడేది పండగపూటే! అత్తమ్మ లేచి నిలబడింది. ఇక నా పని అయిందనుకున్నాను. కానీ ఆమె చూపు నా మీద లేదు.

"ఏందయ్యగారూ? రొట్టె తినొచ్చునా? కాపురానికి వచ్చిన కాడ్నుంచి ఎండుతున్న నేను! గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా?"

"మీరెప్పుడూ అడగలేదు కదమ్మా," అంటూ ఆయన పుస్తకం మూటగట్టారు.

దీపాలు పెట్టే వేళ అత్తమ్మ పొయ్యి ముందు కూర్చుని, నేను కొట్టిన రొట్టె తుంచి, దేవుడి గూటి వైపు ఒకసారి చూసి, నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. తర్వాత ఇంకో రొట్టె నా ముందుకు తోసింది. "తినే. రేపు యముడు అడిగితే ఇద్దరం పోయి చెప్పుకుందాం. మాట్లాడేది మాత్రం నువ్వే. నాకు గట్ల అడుగుడు రాదు."

ఇప్పుడు నేను ఆనాటి అత్తమ్మ కంటే పెద్దదాన్ని. పురాణం వినడానికి వెళితే సందేహాలు ఇంకా వస్తూనే ఉంటాయి, అడుగుతూనే ఉంటాను. అందరూ "అవ్వ ఎంత మంచిగ అడిగింది!" అని మెచ్చుకుంటారు. బండి కట్టిస్తానని బెదిరించే మనిషి లేకపోయాక, అడగడంలో ఆ రుచి ఎక్కడిది?