టబ్బులో బారువ

“ఉప్పెంతుందో నాలిక్కి తెలీదేటి మేస్టారూ? ఆ గాజుపుల్లెందుకు?” అని దాలమ్మ ఓసారి మొహంమీదే అడిగేసింది.

రాయ్‌పూర్‌లో రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో పన్నెండో తరగతి పిల్లలకి కెమిస్ట్రీ ట్యూషన్ చెప్పే అచ్చయ్య మాస్టారు ఏ వంటలోనూ ఉప్పు రుచి చూసి ఎరగరు. గడ్డకట్టించి చూస్తారు.

“నాలుక అబద్ధమాడుతుందమ్మా. మంచు ఆడదు.”

చారైనా మజ్జిగైనా ఓ గరిటెడు గాజుగొట్టంలో పోయించి, ఉప్పు కలిపిన ఐసుముక్కల బకెట్లో దించి, థర్మామీటరు పట్టుకుని కూర్చునేవారు. సున్నాకి ఎంత దిగువన గడ్డకడితే అంత ఉప్పన్నమాట. లెక్క తేలేసరికి విస్తళ్ళు ఎత్తేసేవారు.

కాలనీలోనే ఉండే సత్తిరాజు కూతురి పెళ్ళిలో పులుసు పరీక్షించి, “ఇది తింటే పెళ్ళివారంతా ఆస్పత్రికే” అని తేల్చారు. వడ్డన ఆగిపోయింది. దాలమ్మ గరిటె నాకి, “ఉప్పేదీ? బెల్లం పాకంలా ఉంటేనూ” అంది. నీళ్ళలో కరిగింది ఉప్పో బెల్లమో మంచుకి పట్టదు, ఎంత కరిగిందన్నదే దానిక్కావాలి. ఆ సంగతి ఏటా క్లాసులో చెప్పే మనిషే పెళ్ళిలో మరిచిపోయారు.

దాలమ్మ మనవరాలు భావన ఆయన దగ్గరే చదివేది. దాలమ్మది శ్రీకాకుళం జిల్లా బారువ, సముద్రపొడ్డు ఊరు. పెళ్ళై ఇక్కడికొచ్చి నలభయ్యేళ్ళు. ఆ ఏడు గుండె డాక్టరు రైలెక్కొద్దన్నాడు. అప్పట్నుంచీ రోజూ సాయంత్రం గుమ్మంలో కాళ్ళు చాపుకుని ఒకటే మాట.

“ఓపాలి సముద్రంలో కాళ్ళు తడుపుకుంటే సాలే. ఇక్కడ ఎటెల్నా ఇనప దుమ్మే గాని ఇసకుండదు.”

భావన పుస్తకంలో తల దూర్చేది. సముద్రస్నానం పుణ్యమని దాలమ్మ ఏనాడూ అనలేదు. పుణ్యం ఎవరిక్కావాలి, ఆవిడకి ఉప్పునీళ్ళు కావాలి.

సత్తిరాజు బారువవైపు వెళ్తుంటే మాస్టారు ఖాళీ సీసా ఇచ్చి, “నిండా సముద్రం పట్టుకురా” అన్నారు.

“తాగుతారేటండీ?”

“గడ్డకట్టిస్తాను.”

అతను తిరిగొచ్చిన వారం క్లాసులో ఓ కొత్త లెక్క పడింది. ఉప్పునీళ్ళు సున్నాకి 1.9 డిగ్రీల దిగువన గడ్డకట్టాయి. మొలాలిటీ ఎంత, అంటే కిలో నీళ్ళలో ఎంత కరిగినట్టు? ఇరవై కిలోల నీళ్ళని అలా చెయ్యాలంటే ఎంతుప్పు కలపాలి?

భావన 1.9ని నీటి స్థిరాంకం 1.86తో భాగించి, కిలో నీటికి అరవై గ్రాముల లెక్కన పన్నెండు వందల గ్రాములంది.

“ఉప్పు నీళ్ళలో రెండుగా విడిపోతుంది కదమ్మా. రెండుతో భాగించవా?”

“భూల్ గయీ సార్.”

“మర్చిపోతే ఎలా? అంతుప్పులో మీ నాయనమ్మ కాళ్ళు ఊరగాయైపోవూ?”

భావన పెన్ను ఆగింది. “ఎవరి కాళ్ళు సార్?”

“లెక్క చెయ్యి” అన్నారు మాస్టారు, గోడవైపు చూస్తూ.

సగానికి దించి ఆరువందల గ్రాములంది. ఈసారి ఎందుకో చాలా జాగ్రత్తగా, రెండుసార్లు సరిచూసుకుని.

ఆదివారం పొద్దున్నే ఆయన దాలమ్మ గుమ్మంలోకి ప్లాస్టిక్ టబ్బు మోసుకొచ్చారు. నీళ్ళు నింపి, ఉప్పు కలిపి పక్కకి తప్పుకున్నారు. దాలమ్మ అనుమానంగా పాదాలు దించింది. వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. మళ్ళీ ముంచి మళ్ళీ రాసుకుంది.

“మా ఊరిదే” అంది చివరికి. ఆ వెంటనే, “మరి కెరటమేదీ?”

మాస్టారు ప్యాంటు మడిచి నేలమీద చతికిలబడి, పళ్ళెంతో నీళ్ళు ఆవిడ పాదాలమీదికి నెట్టడం మొదలెట్టారు.

“నెమ్మది మేస్టారూ. తుపానొచ్చినట్టుంది.”

ఆ తర్వాత ఆయన ఒక్క ఆదివారమూ మానలేదు. జోగయ్య కొట్లో కల్లుప్పు కిలో పది రూపాయలు. ఏడాది ఆదివారాల లెక్కన మాస్టారి పేరున ఇంకా మూడువందల పన్నెండు బాకీ ఉంది.