గోరు దిగని జోడు

జోళ్ళక్క మనిషిని మొహం చూసి గుర్తుపట్టదు, కాళ్ళు చూసి గుర్తుపడుతుంది. తెరచాప పడవల క్లబ్బులో జోళ్ళ గది ఆమెది, ముప్పై ఏళ్ళుగా ఆమెదే. పడవ ఎక్కేవాళ్ళు ఆ గదిలో చెప్పులు విడిచి, అరలోంచి తమ జోళ్ళు తీసి వేసుకుని రేవు మెట్లు దిగుతారు. తిరిగొచ్చాక ఉప్పునీళ్ళు కారుతున్న వాటిని ఆమె ముందు పడేసి ఇళ్ళకు పోతారు. ఆ తర్వాత పనంతా జోళ్ళక్కది. ఆమెకు అసలు పేరు ఒకటి ఉండేది గానీ, ఇప్పుడు ఆ పేరు పెట్టి పిలిస్తే ఆమె కూడా వెనక్కి తిరిగి చూడదు.

గది పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. ఒక గోడకు అంకెలు, తాళాలు ఉన్న చెక్క అరలు; ఒక్కోదానికి ఒక చెవి పడవవాళ్ళ దగ్గర, ఒకటి ఆమె దగ్గర. ఎదుటి గోడకు మంచినీళ్ళ కుళాయి, వెడల్పాటి తొట్టి. చివరి గోడ వెంబడి స్నానాల గదికి వేడినీళ్ళు మోసుకెళ్ళే లావుపాటి గొట్టం. తలుపు పక్కన ఏటవాలుగా బిగించిన బల్ల ఒకటి ఉంటుంది, దానికి పడవ డెక్కుకు వేసే రంగే వేశారు. కొత్త జోడు కొనుక్కొచ్చిన వాళ్ళెవరైనా ముందు ఆ బల్ల ఎక్కాల్సిందే. జోళ్ళక్క చెంబుడు నీళ్ళు బల్లమీద కుమ్మరించి, "ఊఁ, నిలబడండి చూద్దాం" అంటుంది. నిలబడితే సరే. జారితే మాత్రం, అది ఎంత ఖరీదైన జోడైనా, "పెళ్ళిళ్ళకు వేసుకోండి బాబూ, సముద్రానికి వద్దు" అని తిప్పి పంపేస్తుంది.

నోరు మూతపడని మనిషి. జోళ్ళ సంగతి ఎత్తారో, ఇక మీ పని అయిపోయినట్టే. "లావు లావు గుబ్బలుంటే పట్టు ఉంటుందనుకుంటారు. అవి కొండలెక్కడానికి. డెక్కు మీదకి అడుగు చదునుగా ఉండాలి, మెత్తటి రబ్బరుండాలి, వెంట్రుకంత సన్న గాట్లుండాలి. కాలు ఆన్చగానే ఆ గాట్లలోంచి నీళ్ళు పక్కకి పోవాలి, తెలిసిందా? కొనేది సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బుతుంది. వీధిలోకి వేసుకెళ్ళారో, నా గడప తొక్కొద్దు. ఆ ఇసుకా నూనే గాట్లలో దూరాక ఇంకేం పట్టు, నా మొహం!"

చెప్పడమే కాదు, చేసేది కూడా. జోడు రాగానే మంచినీళ్ళలో రెండుసార్లు జాడించి, లోపలి మెత్తలు ఊడదీసి, పాత పళ్ళ బ్రష్షుతో ఒక్కో గాటూ తోమి, కాగితం ఉండలు కుక్కి నీడలో ఆరబెట్టేది. ఎండలో పెట్టకూడదు, వేడి దగ్గరికి అసలే చేర్చకూడదు. వేడికి రబ్బరు బిరుసెక్కుతుంది, పైకి మాత్రం కొత్తదానిలాగే కనిపిస్తుంది. అందుకే అరలో పెట్టే ముందు జోడు అడుగున, సోలు మీద బొటనవేలి గోరు ఆనించి నొక్కేది. గోరు దిగి గుర్తు పడితే అరలోకి, దిగకపోతే చెత్తబుట్టలోకి. ఈ గోటి పరీక్ష ఎంత పేరుపడిందంటే, క్లబ్బులో ఎవరూ తమ జోళ్ళు తాము చూసుకోవడమే మానేశారు. "జోళ్ళక్క చూసిందంటే ఇంక చూడక్కర్లేదు" అనేవారు. ఆ మాట వినడమంటే ఆమెకు మహా ఇష్టం. ఇష్టం అనడం కూడా తక్కువే, ఆ మాట మీదే బతికేది.

ఆ మాట అందరికంటే ఎక్కువగా అనేది పడవ టీచరమ్మ. అరవై మూడేళ్ళ మనిషి. ఆ ఊళ్ళో తెరచాప ఎత్తడం వచ్చిన వాళ్ళలో సగం మంది ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళే. పెళ్ళి చేసుకోలేదు. తెల్లరంగు చిన్న పడవ ఒకటి ఉంది, అదే ఆవిడ ఇల్లూ వాకిలీ. ఇద్దరి పాదాలదీ ఒకటే కొలత కావడంతో, టీచరమ్మ కొత్త జోడు కొన్నప్పుడల్లా జోళ్ళక్కే వారం రోజులు గదిలో వేసుకు తిరిగి, కాలికి హాయిగా అయ్యాక ఇచ్చేది. "నా కాళ్ళ కష్టం కూడా నువ్వే పడుతున్నావు కదే" అని టీచరమ్మ నవ్వేది.

పోయినేడు వానలు పట్టుకుని మూడు వారాలు వదల్లేదు. గది గోడలకే చెమ్మ పట్టింది. జోళ్ళు ఎంతకీ ఆరవు. తడి జోళ్ళంటే టీచరమ్మకు ఒళ్ళుమంట. ఒకరోజు జోళ్ళక్క అటూ ఇటూ చూసి, టీచరమ్మ జోడు తీసుకెళ్ళి వేడినీళ్ళ గొట్టం మీద బోర్లించింది. పొద్దున్నకి పెళపెళ ఎండిపోయింది. టీచరమ్మ కాలు పెట్టి, "అబ్బ, ఎంత హాయిగా ఉందే! ఎలా ఆరబెట్టావు?" అని మెచ్చుకుంది. జోళ్ళక్క పొంగిపోయింది. ఎలా ఆరబెట్టిందో మాత్రం చెప్పలేదు. ఆ మర్నాడూ గొట్టమే, ఆ తర్వాతా గొట్టమే. నీతులన్నీ ఊరికి చెప్పడానికే కదా!

మూడో వారం చివర్లో పడవల పందెం పడింది. ఆ పొద్దున జోళ్ళక్క అలవాటుగా టీచరమ్మ జోడు తిప్పి గోరు నొక్కింది. గోరు దిగలేదు. మళ్ళీ నొక్కింది. గాజు మీద గీరినట్టు జారిపోయింది. కొన్నది ఆరు నెలల కిందటే. పారేస్తే, "అప్పుడే ఏమైందే దీనికి?" అని టీచరమ్మ అడుగుతుంది. అడిగితే గొట్టం సంగతి బయటికొస్తుంది. బీరువాలో ఆవిడ కొలతే కొత్త జోడు ఒకటి ఉంది. తీసివ్వడానికి ఒక్క నిమిషం పట్టదు. ఆ ఒక్క నిమిషమూ జోళ్ళక్క చేతిలో జోడు పట్టుకుని నిలబడింది. ఈ ఒక్కరోజుకి ఏం కాదులే, రేపు ఏదో చెప్పి మార్చేద్దాం, అనుకుని అరలో పెట్టేసింది.

టీచరమ్మ ఎప్పటిలాగే చూసుకోకుండా వేసుకుని వెళ్ళింది. గంట తిరక్కుండా నలుగురు ఆవిణ్ణి మోసుకొచ్చారు. తాడు విప్పడానికి పడవ ముందుకు నడుస్తూ తడి డెక్కు మీద జారి, మోకాలు మెలిపడి, దుంగ పడ్డట్టు పడిందట, కాలు విరిగింది. ఆ గొడవలో ఆవిడ కాళ్ళ నుంచి జోడు తీసింది జోళ్ళక్కే. ఎవరో అడిగితే, "పాడైపోయింది, పారేశాను" అంది. నిజానికి ఒక రేకు డబ్బాలో పెట్టి, పై అరలో మూలకి తోసేసింది. పారేయడానికి చెయ్యి రాలేదు.

తేలు కుట్టిన దొంగ పరిస్థితి. వారానికోసారి పళ్ళు తీసుకుని టీచరమ్మను చూడడానికి వెళ్ళేది. వెళ్ళినప్పుడల్లా చెప్పేద్దామనుకునేది. వెళ్ళినప్పుడల్లా టీచరమ్మే ముందు మాట్లాడేది.

"డాక్టరు కాలు బ్రహ్మాండంగా అతుక్కుంది, నడవండి అంటాడే. వాడికేం తెలుసు? నలభై ఏళ్ళు డెక్కు మీద ఏనాడూ జారని మనిషిని. అదీ నువ్వు చూసిచ్చిన జోడు వేసుకుని జారానంటే, తప్పు ఇంక దేనిదే? నా కాళ్ళదే. కాళ్ళకి వయసొచ్చేసింది."

"అలా అనకండి, టీచరమ్మగారూ."

"అనక? జోడు బాగోలేదని నీ మీద తోసెయ్యమంటావా?" అని నవ్వేది ఆవిడ.

జోళ్ళక్క తల వంచుకుని పళ్ళు కోసేది. కోసినవి ఆవిడ ముందు పెట్టి వచ్చేసేది. రానురాను ఆ ఇంట్లో బాత్రూం గోడలకు పట్టుకోవడానికి కడ్డీలు వచ్చాయి. గుమ్మంలో చేతికర్ర వచ్చింది. పడవలా ఊగుతూ నడిచే మనిషి గోడ తడుముకుంటూ నడవడం మొదలుపెట్టింది. కాలు అతుక్కుని అప్పటికి నాలుగు నెలలు దాటింది. అతకనిది ఆవిడ నమ్మకం. దాన్ని విరగ్గొట్టింది తనేనని లోకంలో ఒక్క జోళ్ళక్కకే తెలుసు. తన మీద తనకే అసహ్యం వేసేది.

పడ్డ ఎనిమిదో నెలలో టీచరమ్మ కబురు పంపింది. పడవ అమ్మేస్తోందట, బేరం కుదిరిందట, శుక్రవారం వచ్చి అర తాళంచెవి ఇచ్చేసి పోతుందట.

అదే రోజు జోళ్ళక్క మొగుడు సూదుల కోసం పై అర వెతుకుతూ ఆ రేకు డబ్బా దించాడు. ఆయన పక్క గదిలో తెరచాపలు కుడతాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

"పారేశానన్నావుగా?" అన్నాడు మూత తీసి.

జోళ్ళక్క తొట్టి గట్టు మీద కూలబడి మొత్తం చెప్పేసింది. ఆయన సోలు మీద గోరు నొక్కి చూశాడు. జోడు మళ్ళీ డబ్బాలో పెట్టి మూత వేశాడు.

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నావు" అన్నాడు చివరికి.

"ఇప్పుడు చెప్తే ఏం లాభమయ్యా? ఆవిడ మళ్ళీ నా మొహం చూస్తుందా?"

"లాభం నీక్కాదు" అని, సూదులు తీసుకుని ఆయన వెళ్ళిపోయాడు.

శుక్రవారం టీచరమ్మ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చింది. తాళంచెవి తొట్టి గట్టు మీద పెట్టింది. "నా అర ఎవరికైనా ఇచ్చెయ్యవే. కిటికీ పక్కన ఉంది, మంచి అర" అంది. అని అటు చూడకుండా కిటికీలోంచి రేవుకేసి చూసింది. తెల్ల పడవ అక్కడే కట్టేసి ఉంది.

జోళ్ళక్క చెప్పాలనుకున్న మాటలు రాత్రంతా వల్లెవేసుకుంది. ఒక్కటీ నోటికి రాలేదు. రేకు డబ్బా దించింది. పాత జోడు తీసి తన కాళ్ళకు వేసుకుంది. చెంబుడు నీళ్ళు ఏటవాలు బల్లమీద కుమ్మరించింది.

"ఏం చేస్తున్నావే?" అంది టీచరమ్మ.

జోళ్ళక్క బల్ల ఎక్కింది. రెండో అడుగు పడీపడకముందే కాళ్ళు రెండూ ముందుకు దూసుకుపోయి, నడుం విరిగేలా నేలమీద పడింది. టీచరమ్మ కర్ర వదిలేసి గబగబా వచ్చి రెక్క పట్టుకుంది.

"పిచ్చెక్కిందా నీకు? ఎవరివే ఆ జోళ్ళు?"

"మీవే, టీచరమ్మగారూ. ఆ రోజు మీరు వేసుకున్నవే." నేలమీద కూర్చునే చెప్పింది, లేవాలనిపించలేదు. వాన సంగతి, గొట్టం సంగతి, హాయిగా ఉందని మెచ్చుకుంటే పొంగిపోయిన సంగతి అన్నీ చెప్పింది. టీచరమ్మ ఆమె ఒక కాలి జోడు లాగి, వెనక్కి తిప్పి, గోరు నొక్కింది. వెలుతురుకేసి పట్టుకుని చూసింది. గుర్తు లేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

ఇక్కడ అబద్ధం చెప్పడం చాలా తేలిక. పడ్డాక తెలిసిందంటే సరిపోతుంది.

"మీరు వేసుకోకముందే" అంది జోళ్ళక్క.

టీచరమ్మ రెక్క వదిలేసింది.

"ఎనిమిది నెలలు" అంది మెల్లగా. "ఎనిమిది నెలలు నా కాళ్ళని నేను తిట్టుకున్నాను. స్నానానికి వెళ్ళాలన్నా భయపడ్డాను. నా పడవకి బేరం పెట్టాను. నువ్వు ప్రతివారం వచ్చి ఎదురుగా కూర్చుని, పళ్ళు కోసి పెట్టావు."

జోళ్ళక్క తల ఎత్తలేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఆమెకు పోయినట్టేం అనిపించలేదు, ఇంకాస్త బరువెక్కింది.

"కొత్త జోడు తీయి" అంది టీచరమ్మ.

జోళ్ళక్క లేచి, కుంటుతూ బీరువా దగ్గరికి వెళ్ళి తెచ్చింది. ఎప్పటిలా తాళ్ళు కట్టడానికి ఒంగింది. టీచరమ్మ కాలు వెనక్కి తీసుకుంది. తనే కూర్చుని, ముందు ఒక సోలు, తర్వాత రెండోది, గోరు నొక్కి చూసుకుని వేసుకుంది. తాళ్ళు కట్టుకుంది. గోడ పట్టుకుని తడిబల్ల ఎక్కింది. ఒక అడుగు, ఇంకో అడుగు. పట్టుకోబోయిన జోళ్ళక్క చెయ్యి సగంలోనే ఆగిపోయింది.

టీచరమ్మ గోడ వదిలేసింది.

జారలేదు. అక్కడే ఏటవాలుగా చాలాసేపు నిలబడింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. దిగి, తొట్టి గట్టు మీది తాళంచెవి తీసుకుని జేబులో వేసుకుంది. చేతికర్ర నేలమీదే ఉంది, దాన్ని చూడను కూడా లేదు. గుమ్మం దాటి రేవు మెట్లు దిగి వెళ్ళింది. వెళ్ళొస్తానని మాత్రం అనలేదు.

పడవ అమ్మలేదు. టీచరమ్మ మళ్ళీ ప్రతి శనివారం వస్తోంది. కిటికీ పక్క అరలోంచి జోడు తీస్తుంది, జోళ్ళక్క ఎదుటే తిప్పి గోరు నొక్కి చూసుకుంటుంది, వేసుకుని పోతుంది. "కదే", "ఏమే" అన్న పిలుపులు లేవు. అవసరమైతే ఒక మాట, లేకపోతే అదీ లేదు. జోళ్ళక్క చేతులు కట్టుకుని నిలబడి ఆ గోరు దిగేదాకా చూస్తుంది, ప్రతి శనివారం.

మిగతావాళ్ళకు ఈ సంగతేం తెలియదు. మొన్న కొత్తగా చేరిన ఒకాయన అరలోంచి జోడు తీసి, చూసుకోకుండానే వేసుకోబోతూ, "జోళ్ళక్క చూసిందిగా, ఇంక చూడక్కర్లేదు" అన్నాడు నవ్వుతూ.

జోళ్ళక్క ఆయన చేతిలోంచి జోడు లాక్కుని, సోలు పైకి తిప్పి ఆయన ముందు పట్టింది.

"నేను చూశాను బాబూ" అంది. "అయినా మీరు చూసుకోండి."